చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారు లెక్కల్లో ఏఐ ఎక్కడ పనికొస్తుంది?

ముఖ్యంగా రాబోయే 13 వారాల్లో ఎంత డబ్బు వస్తుంది, ఎంత పోతుంది అన్న అంచనాకి. రెండేళ్ల ట్యాలీ బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇస్తే ఏ పార్టీ గడువు దాటి ఎన్ని రోజులకు కడుతుందో పట్టేస్తుంది.

తప్పేది తేదీల దగ్గరే. గెలాక్సీ (నల్ల గ్రానైట్) పలకలకు 90 రోజుల గడువు బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కాక ఇచ్చే రసీదు) తేదీ నుంచి అని రాసుకుని ఉంటారు. ఏఐకి ఇన్‌వాయిస్ తేదీ ఒక్కటే ఇస్తే అక్కడి నుంచే లెక్కేస్తుంది. కంటైనర్ పోర్టులో 12 రోజులు ఆగిందంటే అంచనా అంతా తప్పినట్టే. బిల్ ఆఫ్ లేడింగ్ తేదీకి వేరే కాలమ్ పెట్టండి. సస్పెన్స్ ఖాతాలో (ఎవరిదో తేలని సొమ్ము తాత్కాలికంగా రాసే ఖాతా) పడేసిన అడ్వాన్సులూ ముందే సర్దాలి, లేకుంటే కట్టినవాడూ బాకీదారే!

ఇంకొకటి: సూక్ష్మ, చిన్న తరహా పాలిషింగ్ యూనిట్లకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకుంటే 15 రోజుల్లో చెల్లించాలి. మార్చి 31కి గడువు దాటి బాకీ ఉన్న ఖర్చును ఆ ఏడాది ఆదాయపన్ను లెక్కలో ఆదాయం నుంచి తీసేయనివ్వరు. ఇలాంటి బాకీల జాబితా ఏఐతో వారంవారం తీయించండి.