డాక్టర్ సలహా: డిగ్రీ అయితే అయిపోయింది గానీ ఫోన్ మోగితే గుండె దడ, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 23 ఏళ్లు. డిగ్రీ ఫస్టియర్‌లో ఉండగా కోవిడ్ వచ్చింది, ఆ తర్వాత దాదాపు రెండేళ్లు క్లాసులు, పరీక్షలు అన్నీ ఆన్‌లైనే. పాసయ్యాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. కానీ ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే ఎత్తలేను, మోగి మోగి ఆగిపోయేదాకా స్క్రీన్ చూస్తూ కూర్చుంటా, తర్వాత "బిజీగా ఉన్నా, మెసేజ్ చెయ్యి" అని పెడతా. ఇంటర్వ్యూ అంటే చేతులు చల్లబడి తిమ్మిర్లు ఎక్కుతాయి, దడ. రెండు ఇంటర్వ్యూలు ఎగ్గొట్టేశా. రాత్రి మూడు దాకా నిద్ర పట్టదు, పొద్దున పదకొండుకి గానీ లేవను. ఇంట్లో బద్ధకం అంటున్నారు. కోవిడ్ బ్యాచ్ వాళ్లకి ఏమీ రాదని బయట అనుకుంటారేమో అని ఇంకో భయం. నా ఫ్రెండ్ అల్ప్రాజోలం వేసుకుంటే దడ తగ్గుతుందంది, వేసుకోవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ టాబ్లెట్ సంగతి తేల్చేద్దాం. వద్దు. దడ గంటలోపే తగ్గుతుంది, నిజమే, చిక్కంతా అక్కడే ఉంది, ఎందుకంటే అంత తొందరగా హాయినిచ్చేదానికి ఒళ్లు కూడా తొందరగానే అలవాటు పడుతుంది. కొన్ని వారాలు రోజూ వాడి మానేస్తే ముందున్నదానికంటే ఎక్కువ దడ, ఎక్కువ నిద్రలేమి, ఒక్కసారిగా ఆపితే కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. పైగా మగతగా ఉంటుంది, మాట గుర్తుకు రాదు, ఇంటర్వ్యూలో మీకు కావాల్సిందే ఆ మాట కదా. మీ ఫ్రెండ్ రోజూ వాడుతుంటే ఇది చదివి టక్కున ఆపేయొద్దని చెప్పండి, డాక్టర్ చూసి మెల్లగా తగ్గించాలి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో ఇంటర్వ్యూ కంటే నాకు ఆ ఫోనే ముఖ్యం అనిపించింది. రింగ్ ఆగిపోగానే హమ్మయ్య అని ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది కదా, భయం పెరిగేది సరిగ్గా ఆ క్షణంలోనే. ఎత్తలేదు కాబట్టి గండం గడిచింది అని మెదడు రాసిపెట్టుకుంటుంది, దాంతో తర్వాతి ఫోన్ ఇంకొంచెం పెద్ద గండంలా కనిపిస్తుంది, అలా అలా ఇంటర్వ్యూలు ఎగ్గొట్టేదాకా వచ్చింది. దీన్ని సోషల్ యాంగ్జైటీ అంటాం, అంటే ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అని మాట్లాడటానికే భయపడటం. మొహం చూడకుండా పేరు పెట్టేయకూడదు గానీ మీరు రాసినదంతా అటే చూపిస్తోంది.

18 నుంచి 20 ఏళ్ల మధ్య కాలేజీలో సిలబస్ కంటే ఎక్కువ నేర్చుకునేది మనుషులతో మెలగడం. వైవాలో తడబడి మళ్లీ సర్దుకోవడం, లెక్చరర్ అందరి ముందు తిడితే అరగంటలో మర్చిపోయి క్యాంటీన్‌కి పోవడం, ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తాయి. మీకు ఆ రోజుల్లో కెమెరా ఆఫ్, మైక్ మ్యూట్. చదువు పోలేదమ్మా, ప్రాక్టీస్ పోయింది, అది ఇప్పుడు చేసినా వస్తుంది. మీరొక్కరే కూడా కాదు, కోవిడ్ మొదటి ఏడాదిలోనే యాంగ్జైటీ, డిప్రెషన్ ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్క చెప్పింది, అందులోనూ యువత మీద, ఆడవాళ్ల మీద దెబ్బ ఎక్కువ. 2023 మే 5న కోవిడ్ ఎమర్జెన్సీ అయిపోయిందని అదే సంస్థ ప్రకటించింది గానీ మనుషుల అలవాట్లు ప్రకటనలు విని మారవు కదా.

తిమ్మిర్లకి కారణం సింపుల్. భయపడినప్పుడు మనకి తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తాం, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, దాంతో వేళ్లు, పెదాలు జిల్లుమంటాయి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి, మూడు నాలుగు నిమిషాలు. ఎవరైనా చెప్పారని కాగితం సంచిలో ఊపిరి తీయడం మాత్రం చేయొద్దు.

ఫోన్‌కి మందు ఫోనే. అయితే మోగేదాకా ఎదురుచూడకండి, మీరే చేయండి. ఏదైనా షాపుకి చేసి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందని అడిగి పెట్టేయండి, అంతే, పది సెకన్లు. రోజుకి రెండు, బోర్ కొట్టేదాకా. తర్వాత మెసేజ్‌లతో సరిపెట్టిన ఫ్రెండ్‌కి, ఆ తర్వాత కెమెరా ఆన్ చేసుకుని ఇంకొకరితో ఉత్తుత్తి ఇంటర్వ్యూ. దడ వస్తుంది, రానివ్వండి, మధ్యలో కట్ చేయకపోవడమే ఇక్కడ వైద్యం. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు అర్ధరాత్రి పెద్ద డాక్టర్‌కి ఫోన్ చేయాలంటే చేతులు వణికేవి, పేషెంట్ వయసు, బీపీ, ఏం ఇచ్చాం, అన్నీ కేస్ షీట్ వెనకాల రాసుకుని అది చూసి అప్పజెప్పేవాణ్ణి, హలో కూడా రాసుకునేవాణ్ణి. మీరూ రాసుకోండి, తప్పేం లేదు.

నిద్ర విషయంలో అందరూ చేసే పొరపాటు, రేపట్నుంచి పదింటికే పడుకుంటా అనుకోవడం. నిద్ర పట్టే టైం మన చేతిలో ఉండదు, లేచే టైం ఉంటుంది. పదకొండు నుంచి పదిన్నరకి, రెండు మూడు రోజులాగి పదికి, అలా ఏడు దాకా జరపండి, ఆదివారం కూడా. లేవగానే బయట వెలుగులో ఒక అరగంట నడవండి, ఒంట్లో గడియారాన్ని మళ్లీ దారిలో పెట్టేది ఆ వెలుగే. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు, తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే అయిదు గంటలు పడుతుంది.

ఒకసారి ఫిజీషియన్‌కి చూపించుకుని హిమోగ్లోబిన్, థైరాయిడ్ టెస్టులు చేయించండి, రక్తం తక్కువైనా థైరాయిడ్ ఎక్కువైనా దడే వస్తుంది. ఊరికే కూర్చున్నా, మెట్లెక్కినా దడ ఉంటే ఈసీజీ కూడా. కోవిడ్ వచ్చి మూడు నెలలైనా నీరసం, ఆయాసం పోకపోతే అది లాంగ్ కోవిడ్ కావచ్చు, డాక్టర్‌కి ఆ సంగతి మీరే గుర్తుచేయండి.

నెలా రెండు నెలలు ఇవి చేసినా మార్పు లేకపోతే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లండి. భయపెట్టే ఆలోచనల్ని, తప్పించుకునే అలవాట్లని మార్చే సీబీటీ అనే కౌన్సెలింగ్ దీనికి బాగా పనిచేస్తుంది, మందులు అవసరమైతే యాంగ్జైటీకి, డిప్రెషన్‌కి వాడే ఎస్ఎస్ఆర్ఐలు అనే రకం రాస్తారు, అవి పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, వారంలోనే పనిచేయట్లేదని మానేయకూడదు. రెండు వారాలకి పైగా దేనిమీదా ఆసక్తి లేకుండా, ఏడుపొస్తూ ఉంటే ఆగకుండా వెళ్లండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అదే రోజు ఇంట్లో చెప్పి హాస్పిటల్‌కి పోవాలి, రేపు చూద్దాం అనుకోకూడదు.

కోవిడ్ బ్యాచ్ అన్న మాటకి భయపడకండి, అటువైపు కూర్చున్నవాళ్లలో కూడా చాలామంది అప్పట్లో ఇంట్లోంచే పనిచేసినవాళ్లే. అడిగితే ల్యాబ్‌లో చేయలేకపోయినవి తర్వాత ఏం నేర్చుకున్నారో రెండు ముక్కల్లో చెప్పండి, ఏమీ నేర్చుకోకపోతే ఇప్పుడు ఒకటి మొదలుపెట్టి అదే చెప్పండి. బద్ధకం అంటున్న ఇంట్లోవాళ్లకి ఈ జవాబు చూపించండి, బద్ధకం ఉన్నవాళ్లు రాత్రి 2:47కి కూర్చుని డాక్టర్‌కి ఇంత వివరంగా రాయరు. మూడు వారాలయ్యాక ఎలా ఉందో మళ్లీ రాయండి, ఈసారి పగటిపూట.