సుబ్బాయమ్మ చేతులు

బ్రాడీపేట,
గుంటూరు.

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ కథ అందింది. మిరప యార్డు చుట్టూ బతికే మనుషుల్లో తొడిమలు తీసే ఆడకూలీల మీద నీ చూపు పడినందుకు చాలా సంతోషించాను. అందుకే మెప్పులు పక్కనపెట్టి అసలు సంగతికొస్తున్నాను.

కథ నిండా ఎరుపు పరిచావు. కాయల కుప్పలు ఎరుపు, సుబ్బాయమ్మ బొట్టు ఎరుపు, పొద్దుగూకే ఆకాశం ఎరుపు. చివరికి అదంతా ఆమె గుండెలో రగిలే ఆగ్రహమని నువ్వే చెప్పేశావు. ఆ ఎరుపు నీ కంటికి కనిపించింది. సుబ్బాయమ్మకు దానితో పనేముంది? షెడ్డులో అడుగుపెట్టగానే ఆమె "ఇయ్యాల తేజానా, బ్యాడిగీనా?" అని అడుగుతుంది. తేజ అయితే ఘాటెక్కువ, రాత్రికి చేతులు మండుతాయి. బ్యాడిగికి రంగే గాని కారం తక్కువ. ఆమె ఈ పనిలో ఎంత పాతదో, దేనికి జంకుతుందో ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది. చీరనీ ముఖాన్నీ వర్ణించిన పేరా తీసేసినా నష్టం లేదు.

మధ్యలో ఒక వాక్యం రాశావు: చేతులు ఇంకా మండుతున్నాయని, పిల్లాడికి అన్నం కలిపి పెట్టమని అత్తను అడుగుతుంది. అది రాసి నువ్వు ముందుకెళ్లిపోయావు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మిరప ఘాటు ఉత్త నీళ్లతో కడిగితే వదలదు. ఏ బిడ్డ కడుపు కోసం పనికి పోతోందో ఆ బిడ్డకే ముద్ద పెట్టలేకపోతోంది. నీ ఇతివృత్తం అక్కడుందమ్మా. దాన్ని విడమరచి చెప్పకు. ఆ చేతుల్నే ఇంకోసారి చూపించు, ఈసారి అర్థం మారేలా. ఎండాకాలంలో యార్డుకు సెలవులిస్తారు కదా. మంట చల్లారుతుంది, పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. కానీ కూలి లేదు, కంచంలో కలపడానికి ఉన్నది కాస్తే. అప్పుడామె ఏం చేస్తుంది? అది సుబ్బాయమ్మ స్వభావాన్ని బట్టి నువ్వు తేల్చుకోవాలి.

1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' మళ్లీ చదువు. రైల్లో రావుగారు కసిరికొట్టిన బిచ్చగత్తె పక్కనే, తుఫాను రాత్రి ఆయన్ని తలదాచుకునేలా చేస్తుంది ఆ వాన. ముందు అది నిజమైన వాన, మనిషిని నిజంగానే తడిపి వణికిస్తుంది. ఆయన కట్టుకున్న నియమాల గోడలు కూలడం ఆ తర్వాత మనకు తడుతుంది. రావుగారు అలాంటి మనిషి కాకపోతే ఆ గాలివాన వాతావరణంగానే మిగిలిపోయేది.

నీ వ్యాపారి ఉన్నాడే, మెడలో గొలుసు, మీసం మెలెయ్యడం, కసురుకోవడం... అతణ్ణి అలా వదిలేయకు. అతనికీ చేతులున్నాయి. టిక్కీలోంచి, అదే మిరప బస్తాలోంచి, గుప్పెడు కాయ తీసి, అరచేతిలో నొక్కి తేమ చూసి, జేబురుమాలుతో తుడుచుకుని టీ గ్లాసు అందుకుంటాడు. అతను మంచివాడైనా ఫరవాలేదు, కూలి సరిగ్గా ఇచ్చేవాడైనా సరే. అప్పుడే కథ మరింత బరువెక్కుతుంది.

మళ్లీ రాసేముందు ఆ షెడ్లకు వెళ్లి పెద్ద వయసు ఆడవాళ్లతో కూర్చో. పని దిగాక చేతులకు ఆముదం రాసుకుంటారా, కొబ్బరినూనె రాసుకుంటారా, పాలిచ్చే తల్లులు ఏం చేస్తారు, అడిగి తెలుసుకో. రాశాక పంపు.

ఉంటాను.