ఒలింపియాడ్ శిబిరానికి దారేది?

ప్రశ్న: మా అమ్మాయి 8వ తరగతి. లెక్కలంటే ప్రాణం. మ్యాథ్స్ ఒలింపియాడ్ వేసవి శిబిరంలో చేర్పించాలంటే ఫీజు ఎంత కట్టాలి? – ఒక తల్లి, తెనాలి

జవాబు: అది ఫీజు కట్టి చేరే శిబిరం కాదండీ. మూడు మెట్లెక్కాలి. మొదటిది ఐఓక్యూఎం (దేశవ్యాప్త గణిత ఒలింపియాడ్ అర్హత పరీక్ష), సాధారణంగా సెప్టెంబరులో. 8 నుంచి 12 తరగతుల వాళ్లు రాయొచ్చు. 3 గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు. తర్వాత ఆర్ఎంఓ (ప్రాంతీయ గణిత ఒలింపియాడ్), జనవరిలో ఐఎన్ఎంఓ (జాతీయ స్థాయి గణిత ఒలింపియాడ్). ఇందులో ముందున్నవాళ్లకే వేసవి శిక్షణ శిబిరం. దేశం తరఫున అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు వెళ్లే ఆరుగురిని అక్కడే ఎంపిక చేస్తారు.

ఐఓక్యూఎంలో జవాబులన్నీ 00 నుంచి 99 లోపు పూర్ణాంకాలే. జవాబు 7 వస్తే 07 అని జవాబు పత్రంలో రెండు గడులూ నింపాలి. తెలిసిన లెక్కకే మార్కు పోయేది ఇక్కడే.

ఒక మచ్చు: 2026 ఏడులను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చే లబ్ధంలో చివరి రెండంకెలు ఏవి? నాలుగు 7ల లబ్ధం 2401, చివర 01. కాబట్టి నాలుగేసి 7లను పక్కన పెట్టేయొచ్చు. 2026ను 4తో భాగిస్తే మిగిలేది 2. ఏడేళ్లు 49, అదే జవాబు. ఇంత చిన్న లెక్కయినా పిల్లకు సూత్రం చెప్పేయకండి, అరగంట కుస్తీ పట్టనివ్వండి.

అసలు చిక్కు ఆర్ఎంఓలో. అక్కడ జవాబు ఒక్కటే చాలదు, నిరూపణ మెట్టుమెట్టుగా రాయాలి. మన కోచింగుల్లో ఆప్షన్లు ఏరడం అలవాటైన పిల్లలు అక్కడే తడబడతారు. అందుకే వారానికి రెండు నిరూపణలైనా పూర్తి వాక్యాల్లో రాయించి, స్కూల్లో లెక్కల టీచరుగారితో దిద్దించండి.

ప్రశ్న: కాలిక్యులేటర్ తీసుకెళ్లవచ్చా?

జవాబు: కుదరదు.