ఇంగ్లండ్‌లో కరోనా రూల్స్: తలలు లెక్కపెట్టాలా, ఇళ్లు లెక్కపెట్టాలా?

ప్రశ్న: కరోనా రోజుల్లో ఆరుబయట నలుగురూ కలవడానికి మీరుండే దేశంలో పెట్టిన రూల్స్ మీకు అర్థమయ్యాయా?

మేముండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. మొదట్లో తల తిరిగిపోయేది. 2020 సెప్టెంబర్ 14న ‘రూల్ ఆఫ్ సిక్స్’ వచ్చింది. ఇంట్లోనైనా పార్కులోనైనా ఆరుగురికి మించకూడదు, చంకలో పాపాయి కూడా లెక్కలోకే. అదే స్కాట్లండ్‌లో పన్నెండేళ్లలోపు పిల్లల్ని లెక్కించరు, కానీ ఆ ఆరుగురూ రెండే ఇళ్లవాళ్లయి ఉండాలి. అక్కడి గ్లాస్గోలో ఉన్నవాళ్లు వాట్సాప్‌లో చెప్పింది నమ్మి ఇక్కడ పాటిస్తే ఇక అంతే సంగతులు!

2021 జనవరి లాక్‌డౌన్ మరీ విడ్డూరం. వేరే ఇంటి మనిషి ఒక్కరితో కలిసి వ్యాయామం చేయొచ్చు, అంతే. డెర్బీషైర్‌లో కాఫీ కప్పులతో వాకింగ్‌కు వెళ్లిన ఇద్దరు మహిళలకు, అది పిక్నిక్ కిందకి వస్తుందంటూ పోలీసులు చెరో 200 పౌండ్లు ఫైన్ వేశారు. గోల అయ్యాక రద్దు చేసి క్షమాపణ చెప్పారనుకోండి.

నాకు అసలు సంగతి తలకెక్కింది ఆ ఏడాది ఉగాదికి, ఏప్రిల్ 13న. మార్చి 29 నుంచి ఆరుబయట ఆరుగురు కలవొచ్చు, లేదంటే రెండు ఇళ్లవాళ్లు ఎంతమందైనా కలవొచ్చు. మేం ఐదుగురం, మా ఫ్రెండ్ ఇంట్లో నలుగురు. రెండే ఇళ్లు కాబట్టి తొమ్మిది మందైనా ఫర్వాలేదు. కానీ పక్క వీధిలో ఒంటరిగా ఉండే బ్యాచిలర్ కుర్రాణ్ణి పిలవకుండా పండగేమిటి? పిలిస్తే మూడో ఇల్లు. అప్పుడిక ఇళ్ల లెక్క చెల్లదు, తలలే లెక్కపెట్టాలి. పదిమందిమి, రూలు దాటినట్టే. అదృష్టం, ఆ అబ్బాయి అప్పటికే మా ఫ్రెండ్ వాళ్ల ‘సపోర్ట్ బబుల్’లో ఉన్నాడు, అంటే ఒంటరిగా ఉండేవాళ్లు మరో ఇంటివాళ్లతో జతకట్టేందుకు ఇచ్చిన వెసులుబాటు. బబుల్ మొత్తం ఒకే ఇల్లు కింద లెక్క కాబట్టి గట్టెక్కాం.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. పెరట్లో వేసిన గెజిబోకి (గుడారం లాంటి పందిరి) మా వాడు చుట్టూ షీట్లు దించేశాడు. గోడలు సగానికి పైగా మూసుకుంటే అది ఇంటి లోపల ఉన్నట్టే, లోపల కలవడం అప్పటికింకా నిషేధం. రెండు వైపులా షీట్లు పైకి చుట్టి కట్టించాను. ఉగాది పచ్చడి కప్పుల్లో చినుకులు పడుతూనే ఉన్నాయి. బాత్రూమ్‌కి మాత్రం ఇంట్లోకి వెళ్లొచ్చు.

అప్పట్లో రెండు మీటర్ల దూరం అనేది చట్టం కాదు, సలహా. ఎంతమంది అన్నదే చట్టం. అయినా ఫ్రెండ్ వాళ్ల అమ్మగారికి షుగర్ ఉండటంతో ఆవిడ కుర్చీ దూరంగానే వేశాం.

మే 17 నుంచి ఆరుబయట 30 మంది దాకా కలవొచ్చన్నారు. అంతమంది పట్టే పెరడు మాలో ఎవరికీ లేదు గనక అక్కడితో లెక్కల టెన్షన్ వదిలింది.