మిర్చిలో నల్ల తామర పురుగు: సగటు 18 ఎట్లా వచ్చింది?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర. రెండెకరాల మిర్చి పూత మీద ఉంది, నల్ల తామర పురుగు పడింది. నీలి రంగు జిగురు అట్టలు పెట్టి వారానికోసారి లెక్కపెట్టాను. ఒక్కో అట్టకు 6, 12, 25, 50 వచ్చాయి. మూడు వారాలు పెద్దగా ఏమీ లేదు, నాలుగో వారం ఒక్కసారే మీద పడింది. ఒక ఎకరంలో కొత్త మందు స్పైనెటోరామ్, రెండో ఎకరంలో ఎప్పటి ఫిప్రోనిల్ కొట్టాను. మూడో రోజు ఎకరానికి పది చెట్లు, చెట్టుకు ఐదు పూల చొప్పున దులిపి చూశాను. కొత్త మందు చెట్లకు 3, 1, 4, 2, 0, 5, 3, 2, 1, 159. పాత మందు చెట్లకు 7, 9, 6, 11, 8, 5, 10, 7, 9, 8. సగటు తీస్తే కొత్తది 18, పాతది 8. పదో చెట్టు గట్టు పక్క సాలులోది, అవతల పక్కవాళ్ల మిర్చి ఉంది. కొత్త మందు కల్తీదేనా? డోసు రెట్టింపు చేసి, స్పైనోసాడ్ కలిపి మళ్లీ కొట్టమని దుకాణంలో అంటున్నారు. డిగ్రీ చదివే మా అబ్బాయి లాగ్ తీసి చూడాలంటున్నాడు. అదేంది? – ఒక రైతు, వరంగల్ జిల్లా

జవాబు: మందు కల్తీదని మీ లెక్కలో ఎక్కడా కనబడటం లేదు. పొరపాటు సగటు దగ్గర జరిగింది. పది చెట్లలో తొమ్మిదింటి మీద కలిపి 21 పురుగులే ఉన్నాయి. పదో చెట్టు ఒక్కదాని మీద 159. మొత్తం 180ని పదితో భాగించి 18 అన్నారు. మీ తోటలో 18 పురుగులున్న చెట్టు ఒక్కటి చూపించండి! తొమ్మిది చెట్ల మీద 5కు మించి లేవు. లేని చెట్టును పట్టుకుని రెట్టింపు డోసు కొట్టబోతున్నారు.

మీ అబ్బాయి చెప్పింది సరైనదే. లాగ్ అంటే పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠంలో వచ్చే సంవర్గమానమే, 10ని ఎన్నో ఘాతానికి హెచ్చిస్తే ఆ అంకె వస్తుందో చెప్పేది: 100కి లాగ్ 2, 1000కి 3. పురుగు కూడికల్లో పెరగదు, రెట్లలో పెరుగుతుంది. మందు కూడా అంతే, ఇన్ని పురుగులని కాదు, ఇన్నో వంతు అని చంపుతుంది. 80 పురుగులు 40 అయినా, 8 పురుగులు 4 అయినా మందు చేసిన పని ఒకటే, సగం తీసింది. మామూలు తీసివేతలో ఒకటి 40, ఒకటి 4గా కనబడుతుంది. లాగ్‌లో రెండూ 0.30 తగ్గుదలే. ఇంగ్లండ్‌లోని రోతమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన సి.బి. విలియమ్స్ కీటకాల లెక్కలకు సంవర్గమానాలు వాడటం గురించి 1937లోనే రాశారు. మేం పురుగుల లెక్కలను విశ్లేషించేటప్పుడు ఇప్పటికీ ఇదే దారి పడతాం.

చేసే పద్ధతి ఇది. ఫోన్ కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే లాగ్ మీట కనబడుతుంది. ప్రతి చెట్టు లెక్కకు ముందు 1 కలపండి. మీ ఐదో చెట్టు మీద సున్నా ఉంది, సున్నాకు లాగ్ ఉండదు, అందుకే ఆ 1. పదింటికీ విడివిడిగా లాగ్ తీసి, వాటి సగటు కట్టండి. 10ని ఆ సగటు ఘాతానికి హెచ్చించి, ముందు కలిపిన 1 తీసేయండి. కొత్త మందుకు లాగ్‌ల సగటు 0.644, తిప్పితే 3.4 పురుగులు. పాత మందుకు 0.946, తిప్పితే 7.8. మీ తీర్పు తిరగబడింది, చూశారా?

అట్లాగని కొత్త మందు గెలిచిందని నేను రాసివ్వను. మందు కొట్టక ముందు ఏ ఎకరంలో ఎన్ని ఉన్నాయో మీ దగ్గర లేదు. ఒక మందు ఒక ఎకరం, ఇంకోటి ఇంకో ఎకరం అయితే తేడా మందుదో, నేలదో, గట్టుదో ఎవరు చెప్పగలరు? ఇంకోసారి రెండు మందులు పోల్చాలనుకుంటే రెండెకరాల్లోనూ నాలుగేసి సాళ్లు మార్చి మార్చి కొట్టి, కొట్టే ముందు రోజు కూడా లెక్కపెట్టండి. మీ అబ్బాయికి ఒక మాట: లాగ్ తీశాక కూడా 159 మిగతావాటికి దూరంగా 2.20 దగ్గరే నిలబడుతుంది. లాగ్ తీశాం కదా అని దాన్ని మరిచిపోకూడదు, ఇష్టం లేదని కొట్టేయకూడదు. మీ పుస్తకంలో అన్నిటికన్నా పనికొచ్చే అంకె అదే. పురుగు పక్క తోట నుంచి వస్తోందనో, పంపు తిప్పుకునే చోట ఆ సాలు తడవలేదనో అది చెబుతోంది.

ఇక ‘ఒక్కసారే మీద పడింది’ అన్నారు. పడలేదు. 6, 12, 25, 50కి లాగ్ తీయండి: 0.78, 1.08, 1.40, 1.70. వారానికి దాదాపు 0.30 చొప్పున గీత గీసినట్టు పెరిగింది. అంటే మొదటి వారం నుంచీ వారం వారం రెట్టింపవుతూనే ఉంది. (ఇక్కడ సున్నా లేదు కాబట్టి 1 కలపనక్కర్లేదు.) 12 చూసిన వారమే వేపనూనె 1500 పీపీఎం లీటరు నీటికి 5 మి.లీ. కొట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

ఇప్పుడు చేయాల్సింది. తోటంతా మళ్లీ కొట్టకండి. గట్టు వెంట ఐదారు సాళ్లకు మాత్రం సయాంట్రానిలిప్రోల్ 10.26 ఓడీ లీటరుకు 1.2 మి.లీ., సాయంత్రం, పూల లోపల తడిసేలా కొట్టండి. మిగతా తోటను వారం తర్వాత చూసి నిర్ణయిద్దాం. స్పైనెటోరామ్ 11.7 ఎస్‌సీ డోసు లీటరుకు 1 మి.లీ., ఎకరాకు 200 లీటర్ల నీటిలో 200 మి.లీ. దాన్ని 2 మి.లీ. చేస్తే మీకు ఒరిగేదేమీ లేదు. స్పైనోసాడ్ కలపమన్న వారిని ఒకటి అడగండి, ఆ రెండూ ఒకే గ్రూపు మందులని తెలుసా అని. ఒకే తాళానికి రెండు తాళంచెవులు అమ్ముతున్నారు! పురుగుకు ఒకదానికి తట్టుకునే శక్తి వస్తే రెండోదీ పనిచేయదు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందుల (సైపర్‌మెత్రిన్ లాంటివి) జోలికి అసలు వెళ్లకండి, అవి మిత్ర పురుగులను చంపి తామర పురుగును మళ్లీ ఎగదోస్తాయి. 2021లో ఈ పురుగు మన మిర్చి మీద విరుచుకుపడినప్పుడు రోజు విడిచి రోజు మందులు కలిపి కొట్టిన తోటలు నేను చూశాను, చివరికి చెట్లు పీకేశారు. యూరియా అదనంగా వేయకండి. నీలి అట్టలు ఎకరాకు 25 నుంచి 30 ఉండాలి.

దిగుబడికీ డబ్బుకీ మాత్రం లాగ్ వద్దు. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లొచ్చాయో మామూలు సగటే కట్టండి. ఎనుమాముల మార్కెట్‌లో కాంటా మీద లాగ్ చెల్లదు.

వచ్చే వారం ఉదయం ఎనిమిది లోపు, ఎండ ఎక్కకముందే, తెల్ల కాగితం మీద పూలు దులిపి లెక్కపెట్టండి. ఎకరానికి పది కాదు, ముప్పై చెట్లు. గట్టు సాళ్లవి ఒక పేజీలో, లోపలివి ఇంకో పేజీలో రాసి, పుస్తకం తీసుకుని ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి రండి. వీలైతే అబ్బాయిని కూడా వెంటబెట్టుకురండి.