అడగండి – చెబుతాం: ఊపిరి బిగబట్టిన స్వర్ణ

ప్రశ్న: టీవీ పెడితే చాలు, రాబోయే కాలంలో వరదలొచ్చినా కరువొచ్చినా పరిశోధనలతో ఎదుర్కొంటాం అంటారు. మా పల్లపు చేను మాత్రం నాట్లేసిన నెలకే మునుగుతుంది. ఈ సైన్సు మా ముంపుకి చేసిందేమిటో ఒక్కటి చెప్పండి, చాలు.
– ఒక కౌలు రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఒక్కటే అడిగారు కాబట్టి ఒక్కటే చెబుతాను, అదీ మీ జిల్లాలో పుట్టిన స్వర్ణ వరి గురించే. మారుటేరు వరి పరిశోధన స్టేషన్ నుంచి 1982లో ఎంటీయూ 7029 పేరుతో వచ్చిన దాన్ని మీకు నేను పరిచయం చేయక్కర్లేదు. అది ఒడిశా, బెంగాల్ మీదుగా బంగ్లాదేశ్ దాకా పాకింది. అన్నీ బాగానే ఉన్నా ఒకటే చిక్కు, వారం పది రోజులు పూర్తిగా నీళ్ల కింద ఉంటే చచ్చిపోతుంది.

ఎందుకు చస్తుందో తెలిస్తే మిగతాది తేలిక. మామూలు వరి మునగ్గానే కంగారుపడి గాలి కోసం పైకి సాగుతుంది, అలా సాగడానికి లోపల దాచుకున్న పిండిపదార్థమంతా ఖర్చు పెట్టేస్తుంది. తీరా నీళ్లు తీశాక చూస్తే సన్నగా పొడుగ్గా అయిపోయి నిలబడలేక వాలిపోతుంది, మళ్లీ చిగురెయ్యడానికి ఒంట్లో ఏమీ మిగలదు. ఒడిశాలో ఎఫ్ఆర్13ఏ అనే నాటు రకం ఉంది, దాని తీరే వేరు. మునిగితే ఎదగడం ఆపేసి, ఊపిరి బిగబట్టినట్టు కదలకుండా ఉండిపోతుంది, రెండు వారాలకి నీళ్లు పోతే తాపీగా కొత్త ఆకు వేస్తుంది. కాకపోతే దిగుబడి తక్కువ. దాంతో సంకరం చేసి ముంపు రకాలు తీసుకురావాలని అంతకుముందు కూడా ప్రయత్నించారు గానీ, రైతులకి అవి నచ్చలేదు.

1996లో కెనోంగ్ షూ, డేవిడ్ మాకిల్ అనే శాస్త్రవేత్తలు ముంపుని తట్టుకునే ఈ గుణం వరి తొమ్మిదో క్రోమోజోమ్‌లో ఉందని పట్టుకున్నారు. అసలు జన్యువు సబ్1ఏ దొరకడానికి 2006 అయింది, ఆ పనిలో పమేలా రోనాల్డ్ అనే శాస్త్రవేత్త కూడా ఉన్నారు. ఈలోగా ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో ఆ జన్యువున్న వరితో స్వర్ణని కలిపి, వచ్చిన మొక్కల్ని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ, ప్రతి తరంలో డీఎన్ఏ గుర్తులు చూసి కావలసిన మొక్కల్నే ఉంచుకున్నారు. 2007లో వచ్చిన ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు మన సి.ఎన్. నీరజ గారిది. 2009లో మన దేశంలో స్వర్ణ సబ్1 విడుదలైంది. వండితే స్వర్ణే, కోస్తే స్వర్ణే, ధాన్యం పొట్టు మాత్రం బంగారు రంగుకి బదులు గడ్డి రంగులో ఉంటుంది. ఇది ముందే తెలుసుకోండి, లేకపోతే కళ్లంలో ధాన్యం చూసి ఎవరో ఒకరు ఇది స్వర్ణ కాదని పేచీ పెడతారు.

ఒడిశాలో 128 గ్రామాల్లో దీన్ని రైతుల పొలాల్లోనే పరీక్షించారు. పది రోజులు మునిగిన చోట మామూలు స్వర్ణ కంటే దాదాపు 45 శాతం ఎక్కువ పండింది, మునగని చోట నష్టమేమీ రాలేదు. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. అక్కడ ఎక్కువగా మునిగే పల్లపు భూములు ఎస్సీ రైతుల చేతుల్లోనే ఎక్కువ, కాబట్టి లాభం కూడా వాళ్లకే ఎక్కువ అందే వీలుంది.

ఇక మీకు నచ్చని మాట. ఇది పిలకల దశలో మునిగితే, అదీ రెండు వారాల లోపే కాపాడుతుంది. నవంబరు తుఫానుకి పండిన చేను పడిపోయి కంకులు నీళ్లలో నానితే దీని వల్ల ఏమీ కాదు. మురుగు కాలువలో పేరుకుపోయిన గుర్రపుడెక్కని తీసే జన్యువు కూడా ఎవరూ కనిపెట్టలేదు, దానికి మీ ఊరి వాళ్లంతా కలిసి ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే. మీరు చెప్పింది నాట్లేసిన నెలకి వచ్చే ముంపు గనక ముందు ఒక అరెకరంలో వేసి చూడండి. హైబ్రిడ్ కాదు కాబట్టి వచ్చే ఏడాదికి విత్తనం మీరే దాచుకోవచ్చు.

ప్రశ్న: ఇలా జన్యువులు ఎక్కించిన బియ్యం తింటే ఏమైనా అవుతుందా? పిల్లలున్న ఇల్లు, టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, భీమవరం

జవాబు: స్వర్ణ సబ్1 జీఎం పంట, అంటే ల్యాబ్‌లో జన్యువు ఎక్కించిన పంట కాదండీ. వరికీ వరికీ మధ్య పుప్పొడితో చేసిన సంకరమే, డీఎన్ఏ పరీక్ష కేవలం ఏ మొక్కని ఉంచాలో చెప్పడానికి వాడారు. మీరు బహుశా 2025 మేలో ప్రకటించిన కమల రకం గురించి విని ఉంటారు. అది హైదరాబాద్ రాజేంద్రనగర్ వరి సంస్థలో సాంబ మసూరికి ఉన్న సొంత జన్యువునే సవరించి చేసినది, దాని మీద వాదనలు నడుస్తున్నాయి. ఆ సంగతి విడిగా రాస్తాను, రెండూ కలిపితే గందరగోళం.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. రీసెర్చ్ అంటే ఇష్టం, ఇంట్లో మాత్రం ఎందుకులే అంటున్నారు.
– ఒక విద్యార్థిని, ఏలూరు

జవాబు: ఇంట్లో వాళ్ల భయం అర్థమైంది. పైన లెక్క చూడమ్మా, క్రోమోజోమ్‌లో చోటు దొరికినప్పటి నుంచి రైతు చేతికి విత్తనం రావడానికి పదమూడేళ్లు. ఎఫ్ఆర్13ఏ గింజల్ని విత్తి, కోసి, సంచుల్లో కట్టి పెట్టిన వాళ్ల పేర్లు మనలో ఎవరికీ తెలియవు. ఈ పనిలో ఎక్కువ రోజులు అలాగే గడుస్తాయి, ల్యాబ్ కోటు వేసుకుని ఫొటోలు దిగేది తక్కువ. ఈఏపీసెట్ రాసి ఏజీ బీఎస్సీకి ప్రయత్నించు. ఈలోగా మీ నాన్నగారిని తీసుకుని ఒకసారి మారుటేరు వెళ్లి పరిశోధన మడులు చూసి రా, ఏలూరు నుంచి పెద్ద దూరమేం కాదు. పాత చెప్పులు వేసుకెళ్లు, గట్లన్నీ బురదే.