కణం పట్టు: టాలిన్ నుంచి గ్రబ్2 దాకా

ప్రశ్న: బెంగళూరులో ఒక ప్రయోగశాలలో కణాలను పెంచే పనిలో ఉన్నాను. ఫ్లాస్కు అడుగున పరుచుకున్న కణాలపై ప్రొటీన్లను కోసే ట్రిప్సిన్ అనే ఎంజైము పోస్తే అవి గుండ్రంగా ముడుచుకుని ఊడి వస్తాయి. కొత్త ఫ్లాస్కులో పోసిన కొన్ని గంటలకు మళ్లీ కాళ్లు చాపుకుంటాయి. ఇందులో అడాప్టర్ ప్రొటీన్ల పాత్ర పెద్దదంటారు. ఎంజైములు కూడా కాని ఈ ప్రొటీన్లు చేసేదేమిటి?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

జవాబు: ట్రిప్సిన్ కోసేది కణం బయటికి చాచిన ఇంటెగ్రిన్ల వంటి ప్రొటీన్లను, అవి పట్టుకున్న ఫైబ్రోనెక్టిన్ వంటి ఆధారాలను మాత్రమే, కణం లోపలికి అది వెళ్లదు. అయినా లోపలి ఆకారం మారిపోతోందంటే, బయటి పట్టుకూ కణానికి ఆకారమిచ్చే లోపలి ఆక్టిన్ అనే ప్రొటీన్ తీగలకూ లంకె ఉండాలి. కణపు పొర లోపలికి దిగిన ఇంటెగ్రిన్ తోక చాలా పొట్టిది, ఆక్టిన్‌ను స్వయంగా అందుకోలేదు. ఆ లంకె టాలిన్ అనే అడాప్టర్ ప్రొటీన్. 2,541 అమైనో ఆమ్లాల ఈ పొడవైన ప్రొటీన్ తలతో ఇంటెగ్రిన్ తోకను, ఒంటితో ఆక్టిన్‌ను పట్టుకుంటుంది.

అడాప్టర్ అనగానే నాకు పెళ్లిళ్ల పేరయ్య గుర్తుకు వస్తాడు. తాను పీటల మీద కూర్చోడు, కూర్చోవలసిన ఇద్దరినీ ఒక చోటికి చేరుస్తాడు. అయితే టాలిన్‌కు ఈ పోలిక చాలదు. ఆక్టిన్‌ను మయోసిన్ అనే మోటారు ప్రొటీన్ లాగినప్పుడు టాలిన్ ఒంటిలోని మడతలు విచ్చుకుంటాయి. వాటిలో దాగిన, వింక్యులిన్ అనే మరో ప్రొటీన్ అంటుకోగల 11 చోట్లలో కొన్ని బయటపడతాయి. అక్కడ చేరిన వింక్యులిన్ మరిన్ని ఆక్టిన్ తీగలను తెచ్చి కడుతుంది. లాగేకొద్దీ పట్టు బిగుస్తుందన్నమాట. గట్టి ప్లాస్టిక్‌పై చక్కగా పరుచుకునే కణాలు బాగా మెత్తని జెల్‌పై ముడుచుకునే ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

సంకేతాల దగ్గర మాత్రం పేరయ్య సరిగ్గా నప్పుతాడు. పట్టు కుదిరిన చోట ఫోకల్ అడ్హీషన్ కైనేజ్ అనే ఎంజైము చేరి, తన 397వ స్థానంలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేటు తగిలించుకుంటుంది. దానికి అంటుకున్న సార్క్ అనే మరో ఎంజైము ఇంకొన్ని టైరోసిన్లకు తగిలిస్తుంది. గ్రబ్2 అనే మరో అడాప్టర్ ప్రొటీన్ తన ఎస్‌హెచ్2 భాగంతో అటువంటి టైరోసిన్‌ను పట్టి, ఎస్‌హెచ్3 భాగాలతో పట్టుకొచ్చిన సాస్ అనే ప్రొటీన్‌ను పొర దగ్గరున్న రాస్ అనే స్విచ్ ప్రొటీన్ చెంతకు చేరుస్తుంది. పెరగమనే సందేశం అక్కడ మొదలవుతుంది. పట్టు దొరకని మామూలు కణం ఇటువంటి సందేశాలు అందక, చాలాసేపు తేలుతూ ఉంటే తనంతట తానే చనిపోతుంది. 1994లో దీనికి ‘ఇల్లు లేకపోవడం’ అనే అర్థమిచ్చే అనాయికిస్ అన్న గ్రీకు పేరు పెట్టారు.

కణాలు గుండ్రబడగానే సీరం కలిపిన ద్రవం పోసి ట్రిప్సిన్‌ను ఆపమనేది కూడా ఇందుకే. ఆలస్యమైతే తెగిపోయిన ఇంటెగ్రిన్లను కణం మళ్లీ తయారు చేసుకోవలసి వస్తుంది. అప్పటిదాకా లోపల టాలిన్ ఎంత సిద్ధంగా ఉన్నా బయట పట్టు దొరకదు.